తెర ముందు తడబడే స్వేచ్ఛ

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం రెండో దశ కింద ఉన్నత పాఠశాలల తరగతి గదులకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే పెద్ద తెరలు), ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలతో పాటు వారికి పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ ట్యాబ్‌లు అందాయి. పరికరం బడికి చేరడం ఒక ఎత్తు. పాతికేళ్లు సుద్దముక్కతో నెగ్గుకొచ్చిన చేయి దాన్ని జంకులేకుండా తాకడం మరో ఎత్తు.

ఆ జంకును సోమరితనమనో, చాదస్తమనో కొట్టిపారేయడం అన్యాయమని మేము భావిస్తున్నాం. తరగతిలో ఉపాధ్యాయుడికి ఉన్న బలమంతా పిల్లలు తనపై పెట్టుకున్న గురి. నలభై జతల కళ్లు చూస్తుండగా, ఇంట్లో అన్న ఫోనుతో ఆడుకునే కుర్రాడికి తెలిసిన మీట తనకు కనిపించక తడుముకోవలసి వస్తే ఆ గురి సడలుతుందేమోనన్న భయం, వృత్తిని ప్రేమించే వారికే ఎక్కువగా ఉంటుంది.

ఇంకో కారణమూ ఉంది, దానికి బాధ్యత ప్రభుత్వాలదే. చాలామంది ఉపాధ్యాయుల చేతికి సాంకేతికత మొదట బోధన సాధనంగా కాక, నిఘా సాధనంగా వచ్చింది. హాజరు, మధ్యాహ్న భోజనం, చివరికి మరుగుదొడ్ల ఫొటోలు కూడా యాప్‌లలోకి ఎక్కించవలసి వచ్చింది. 2022లో ముఖ హాజరు యాప్‌ను సొంత ఫోన్లలో వేసుకోమన్నప్పుడు ఉపాధ్యాయ సంఘాలు ఎదురుతిరిగాయి. సంజాయిషీలు అడిగే తెరను చూసి చూసి విసిగినవారికి పాఠం చెప్పే తెర మీద వెంటనే మమకారం కలగమంటే ఎలా కలుగుతుంది?

అయినా ఆ తెర చేయగలిగిన మేలు చిన్నది కాదు. పదో తరగతి బహుపదుల పాఠంలో వర్గ బహుపది రేఖాచిత్రాన్ని నల్లబల్ల మీద గీయడానికి పది నిమిషాలు పడుతుంది. గీసినది ఒక్కటే, అదీ కదలదు. ఉచితంగా దొరికే గణిత సాఫ్ట్‌వేర్ జియోజీబ్రాలో x² గుణకాన్ని వేలితో జరుపుతూ పోతే ఆ వక్రరేఖ, అంటే పరావలయం, ఇరుకవుతుంది, విప్పారుతుంది, గుణకం సున్న దాటి రుణాత్మకం కాగానే తలకిందులవుతుంది. ‘ఎందుకలా?’ అని పిల్లలే అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మాత్రం ఉపాధ్యాయుడే. పద్యాన్ని రాగయుక్తంగా చదివేటప్పుడు, లిట్మస్ కాగితాన్ని పిల్లల చేతికే ఇవ్వగలిగినప్పుడు తెరను ఆపేయడానికీ అంతే ధైర్యం కావాలి, ఆ నిర్ణయాన్ని అధికారులు తప్పుపట్టకూడదు.

ఉపాధ్యాయులకు ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాస శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. అందులో కొంత సమయాన్ని సభామందిరంలో ఉపన్యాసాలకు కాక, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో అదే ప్యానెల్ ముందు, అదే సబ్జెక్టు తోటివారితో, ఎవరి పాఠం వారు చేసి చూసుకోవడానికి కేటాయించాలి. గణితం టీచరుకు గణితం టీచరే చూపించాలి. కొత్త పరికరం వచ్చిన మొదటి విద్యా సంవత్సరంలో దాని వాడకాన్ని తనిఖీ నివేదికల్లో చేర్చబోమని విద్యాశాఖ రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. పాడైన ప్యానెల్‌కు ప్రధానోపాధ్యాయుడు జేబులోంచి పెట్టుకోవలసిన అగత్యం రాకూడదు. ఆ భయంతోనే గదికి తాళం పడుతుంది.

ఉపాధ్యాయులకు మా విన్నపం ఒక్కటే. తెర మొరాయించిన రోజున, ముందు బెంచీ అమ్మాయిని పిలిచి, ‘నాకు రావడం లేదమ్మా, నువ్వు చూపించు’ అనండి.