పక్కన వాయించినవారి పేర్లు చెప్పండి

1954 ఫిబ్రవరి 21 రాత్రి న్యూయార్క్‌లోని బర్డ్‌లాండ్ క్లబ్బులో బ్లూ నోట్ సంస్థ రికార్డు చేసిన కచేరీ ఒక మనిషి గొంతుతో మొదలవుతుంది. పీ వీ మార్కెట్ అనే ఆ క్లబ్బు వ్యాఖ్యాత తన సన్నని కీచుగొంతుతో ఆనాటి వాద్యకారులను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. డ్రమ్స్‌పై ఆర్ట్ బ్లేకీ, ట్రంపెట్‌పై క్లిఫర్డ్ బ్రౌన్, ఆల్టో శాక్సఫోన్‌పై లూ డొనాల్డ్‌సన్, పియానోపై హొరేస్ సిల్వర్, బేస్‌పై కర్లీ రసెల్. తన చేతిలో ఎంతో కొంత పెట్టని వాద్యకారుల పేర్లను అతడు కావాలనే తప్పుగా పలికేవాడని జాజ్ లోకంలో ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. పేరు సరిగా వినబడటం కోసం డబ్బు ఇచ్చుకున్నారంటే, ఆ పేరు విలువ వారికి ఎంతగా తెలుసునో ఊహించుకోవచ్చు. విజయవాడ ఆకాశవాణి కచేరీలు వింటూ పెరిగినవాడిని కనుక ఆ ప్రకటన విన్న మొదటిసారే నాకు ఇంట్లో కూర్చున్నట్టు అనిపించింది. గాత్రం ఫలానావారు, వయొలిన్ సహకారం ఫలానావారు, మృదంగంపై ఫలానావారు అని చెప్పేవరకు మా తాతగారు ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కారు. "పక్కవాద్యం ఎవరో విననివ్వండర్రా" అని కసిరి, పేరు విన్న తరువాతే కుర్చీలో వెనక్కి వాలేవారు.

అదే బర్డ్‌లాండ్ రికార్డును నేను నెలనెలా చందా కట్టే ఒక పాటల యాప్‌లో ఈ మధ్య వెతికితే, ఆ బృందానికి నాయకుడైన బ్లేకీ పేరు ఒక్కటే కనిపించింది. ఆ రాత్రి ట్రంపెట్ వాయించిన క్లిఫర్డ్ బ్రౌన్ పేజీ తెరిస్తే అతని ఫోటో ఒక్కటే ఉంది, రికార్డుల కింద అతని పేరు ఒక్కటే ఉంది. పక్కన ఎవరు వాయించారో తెలుసుకోవడానికి నొక్కదగిన మీట ఏదీ ఆ తెర మీద నాకు దొరకలేదు. ఆ సంస్థకు మర్యాదగా ఉత్తరం రాస్తే, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని ఒక జవాబు వచ్చింది, అంతటితో సరి. నేను రాసినది ఒక అభిప్రాయం అనుకుని వారు పక్కన పెట్టినట్టున్నారు కనుక, అది అంతకంటే ఎందుకు పెద్ద విషయమో ఇక్కడ వివరంగా చెప్పదలచుకున్నాను. క్లిఫర్డ్ బ్రౌన్ రికార్డులను పక్కవారి పేర్లు తెలియకుండా వినేవారు అతని సంగీతంలో సగమే వింటున్నారని నా గట్టి నమ్మకం.

దీనికి నా దగ్గర ఉన్న అతి బలమైన సాక్ష్యం ఒకే ఒక పాట. క్లిఫర్డ్ స్వయంగా కట్టిన 'జాయ్ స్ప్రింగ్' అనే ఆ స్వరరచనను అతడు 1954 వేసవిలో నెల తిరగకుండా లాస్ ఏంజెలెస్‌లో రెండుసార్లు రికార్డు చేశాడు. మొదటిది జూలై 12న పసిఫిక్ జాజ్ సంస్థకు చేసినది. అందులో టెనర్ శాక్సఫోన్ జూట్ సిమ్స్, బారిటోన్ శాక్సఫోన్ బాబ్ గార్డన్, వాల్వ్ ట్రాంబోన్ స్టూ విలియమ్‌సన్, పియానో రస్ ఫ్రీమన్, బేస్ జో మాండ్రగాన్, డ్రమ్స్ షెల్లీ మాన్. వీరందరికీ ఎవరు ఎక్కడ ఏమి వాయించాలో ముందే కాగితం మీద రాసి పెట్టినవాడు జాక్ మాంట్రోజ్. రెండవది ఆగస్టు మొదటి వారంలో ఎమార్సీ సంస్థకు, తన సొంత బృందంతో చేసినది. డ్రమ్స్ మాక్స్ రోచ్, టెనర్ హెరాల్డ్ లాండ్, పియానో రిచీ పవెల్, బేస్ జార్జ్ మారో. ట్రంపెట్ అదే, పాట అదే, ఊరు కూడా అదే. ఎనిమిది బార్ల (మన తాళంలో ఆవర్తాల వంటి కొలతలు) ఎత్తుగడను వాయించి, దానినే వెంటనే అర స్వరం పైకి లేపి మళ్లీ వాయించే ఆ అందమైన కట్టడమూ అదే. అయినా ఒకదాని తరువాత ఒకటిగా విని చూడండి. మొదటి దానిలో ట్రంపెట్ చుట్టూ మిగిలిన వాద్యాలు పందిరి వేసినట్టు నిలబడతాయి. క్లిఫర్డ్ ఆ పందిరి కింద, ఎండ తగలని చోట, హాయిగా నడుస్తాడు. రెండవ దానిలో పందిరి లేదు. ట్రంపెట్టూ టెనరూ భుజం భుజం కలిపి పాటను చెబుతాయి, వెనుక నుండి రోచ్ ప్రతి వాక్యానికీ ఊ కొడుతూ, ఒక్కోసారి అడ్డుతగులుతూ, ఒక్కోసారి వాక్యం పూర్తికాకముందే తరువాతి మాట అందిస్తూ ఉంటాడు. అందుకే క్లిఫర్డ్ అక్కడ మరింత ధైర్యంగా, మరింత పొడవైన ఊపిరితో మాట్లాడతాడు. ఇరవై మూడేళ్ల యువకుడు నాలుగు వారాలలో మరొక మనిషి కాలేదు, అతని పక్కన నిలబడినవారు మారారు. యాప్‌లో ఈ రెండు పాటలకూ పక్కన ఉన్నది ఒకే పేరు.

ఆ సొంత బృందం ఎలా పుట్టిందో చెప్పితే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. కాలిఫోర్నియాలో పనిచేస్తున్న మాక్స్ రోచ్ ఒక బృందం కట్టే అవకాశం రాగానే క్లిఫర్డ్‌ను రమ్మని పిలిచాడు. అప్పటికే శాక్సఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్ పక్కన వాయించి పేరు గడించిన రోచ్, తనకంటే ఆరేళ్లు చిన్నవాడైన క్లిఫర్డ్‌ను తన సమానుడిగా నిలబెట్టి ఇద్దరి పేర్లనూ బృందానికి పెట్టాడు. లాస్ ఏంజెలెస్‌లో ఎరిక్ డాల్ఫీ అనే వాద్యకారుడి ఇంట్లో జరిగే వాయింపులలో వారికి దొరికినవాడు హెరాల్డ్ లాండ్. 'జాయ్ స్ప్రింగ్'లో క్లిఫర్డ్ సోలోను పొగిడేవారు, దానికి ముందు లాండ్ వాయించిన సోలోను తరచు దాటవేస్తారు. అతని స్వరంలో గట్టి, పొడి గుణం ఒకటి ఉంది. దాని తరువాత వచ్చినందువల్లే ట్రంపెట్ అంత గుండ్రంగా, అంత వెచ్చగా వినిపిస్తుంది. జార్జ్ మారో సోలోల కోసం ఆరాటపడినవాడు కాడు, గడియారంలాంటివాడు, అంతకంటే గొప్ప మెప్పు ఆ వేగంలో వాయించే బేస్ వాద్యకారుడికి ఉండదు. 1955 ఫిబ్రవరిలో చేసిన 'స్టడీ ఇన్ బ్రౌన్' రికార్డులోని 'చెరోకీ' పరుగును ఆసాంతం అతని వేళ్ల మీదే దృష్టి పెట్టి ఒకసారి వినమని నా మనవి.

నా అసలు బాధ రిచీ పవెల్ గురించి. అతని అన్న బడ్ పవెల్ ఆధునిక జాజ్ పియానోకు బాట వేసినవాడు, కనుక రిచీ పేరు ఎత్తితే ముందుగా వచ్చే మాట "బడ్ తమ్ముడు" అనే. ఆ మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. సోలోల వరకే చూస్తే అతడు అన్నకు సాటి కాడని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఈ బృందం వాయించిన పాటలకు రూపం దిద్దిన పనిలో పెద్ద వాటా అతనిదే. బడ్ కట్టిన 'పారిసియన్ థరోఫేర్'ను ఈ అయిదుగురు ఆరంభించే తీరు వినండి. పారిస్ వీధిలో కార్ల హారన్లు ఒకదానిమీద ఒకటి పడుతున్నట్టు ట్రంపెట్, శాక్సఫోన్ మోగుతాయి, ఆ రద్దీలోంచి పాట దారి చేసుకుని బయటికి వస్తుంది. 'స్టడీ ఇన్ బ్రౌన్'లో 'జాకీ' అతని రచన. 1956 జనవరి, ఫిబ్రవరి నెలలలో చేసిన 'ఎట్ బేసిన్ స్ట్రీట్'లో 'పవెల్స్ ప్రాన్సెస్', 'టైమ్', 'గర్ట్రూడ్స్ బౌన్స్' మూడూ అతనివే. చివరిది షికాగో చిత్రకారిణి గర్ట్రూడ్ ఆబర్‌క్రాంబీ పేరు మీద కట్టినది. పాట ఆరంభంలో వినిపించేది ఆమె నడక తీరేనని అతడు చెప్పాడు. నేను ఆ రికార్డును ఒక మిత్రుడి ఇంట్లో మొదటిసారి ఎల్పీ మీద విన్నాను. అట్ట వెనుక చీమ తలలంత అక్షరాలలో అచ్చయిన పేర్ల వెంట వేలు జరుపుతూ, పాటల పక్కన రచయిత పేరు చదువుతూ పోతుంటే "పవెల్" అన్న మాట మూడుసార్లు వేలికి తగిలింది. ఆ క్షణం వరకు నేను అవన్నీ క్లిఫర్డ్ పాటలే అనుకునేవాడిని. ఒక్క అంగుళం మేర అచ్చు నా అజ్ఞానాన్ని తీర్చింది. అదే అంగుళాన్ని ఈనాటి తెర మీద నుండి తీసేశారు.

పేర్లు తీసేస్తే కొన్ని రికార్డులు మొత్తంగా కనుమరుగవుతాయి. 1955 చివరలో లాండ్ కుటుంబ కారణాల వల్ల ఇంటికి తిరిగి వెళ్లగా అతని స్థానంలో సానీ రాలిన్స్ వచ్చాడు. 1956 మార్చి 22న ఈ కొత్త అయిదుగురూ ప్రెస్టీజ్ సంస్థకు ఒక రికార్డు చేశారు. క్లిఫర్డ్, రోచ్ ఎమార్సీకి కట్టుబడి ఉన్నారు, రాలిన్స్ ప్రెస్టీజ్‌కు కట్టుబడి ఉన్నాడు, అందువల్ల అది 'సానీ రాలిన్స్ ప్లస్ ఫోర్' అనే పేరుతో వచ్చింది. మూడు మాత్రల నడకలో జాజ్ వాయించడం అరుదుగా ఉన్న ఆ రోజులలో చేసిన 'వాల్స్ హాట్', క్లిఫర్డ్ ఎంతో తేలికగా ఈదిన 'పెంట్-అప్ హౌస్' రెండూ అందులోనే ఉన్నాయి. ఆ "ఫోర్" ఎవరో చెప్పని యాప్‌లో, క్లిఫర్డ్ కోసం వెతికే కొత్త శ్రోత ఈ రికార్డు దగ్గరకు ఎన్నటికీ చేరడు. 1953 శరత్తులో లయనెల్ హాంప్టన్ బృందంతో యూరప్ వెళ్లినప్పుడు చేసిన రికార్డుల సంగతీ ఇంతే. బయట ఎవరూ రికార్డు చేయకూడదని హాంప్టన్ ఆంక్ష పెడితే, గీగీ గ్రైస్ వంటి మిత్రులతో కలిసి క్లిఫర్డ్ చాటుగా వెళ్లి పారిస్‌లో వోగ్ సంస్థకు వాయించాడు. పియానో వాయించిన ఆన్రీ రెనో, బేస్ వాయించిన పియేర్ మిషెలో అక్కడివారు. ఉద్యోగం పోగొట్టుకునే ప్రమాదానికి సిద్ధపడి చేసిన సంగీతంలో ఎవరెవరు పాలుపంచుకున్నారో చెప్పడం కనీస మర్యాద.

1954 డిసెంబరులో పది రోజుల లోపల చేసిన రెండు రికార్డులను కూడా ఇక్కడ తలచుకోవాలి. గాయని సారా వాన్‌తో క్లిఫర్డ్ చేసిన దానిలో హెర్బీ మాన్ ఫ్లూట్, పాల్ క్వినిషెట్ టెనర్, జిమ్మీ జోన్స్ పియానో, రాయ్ హేన్స్ డ్రమ్స్ ఉన్నారు. మరో గాయని హెలెన్ మెరిల్‌తో చేసిన దానికి వాద్యాలన్నింటినీ కూర్చినవాడు ఇరవై ఒక్క ఏళ్ల క్విన్సీ జోన్స్. అతడు ఏడాది క్రితం హాంప్టన్ బృందంలో క్లిఫర్డ్ పక్క కుర్చీలో ట్రంపెట్ పట్టుకుని కూర్చున్నవాడే. గాయని ఊపిరి తీసుకునే చోట ట్రంపెట్ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తప్పుకోవాలో అంత చక్కగా కుదరడానికి ఆ పరిచయం కారణమని నేను అనుకుంటాను. మన సినిమా పాటల రికార్డుల మీద కూడా గాయకులు, సంగీత దర్శకుడు, రచయిత తప్ప వయొలిన్ పట్టినవారి పేరు, వేణువు ఊదినవారి పేరు దశాబ్దాల పాటు అచ్చు కాలేదు. ఆ పేర్లు ఇప్పుడు వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో మనకు తెలుసు. జాజ్ రికార్డులకు ఆ కష్టం లేదు. అట్టల మీద అన్నీ ఉన్నాయి, ఎత్తి రాయడమే తరువాయి. ఉన్న పేర్లను పారవేయడం నాకు మరింత అన్యాయంగా తోస్తుంది.

పేర్లు పోయిన చోటును ఇప్పుడు ఒక కథ ఆక్రమించింది. ఇరవై అయిదేళ్లకే చనిపోయిన మేధావి అనే ఆ కథ తప్ప క్లిఫర్డ్ గురించి చాలామంది మరొకటి చెప్పరు. 1956 జూన్ 26 తెల్లవారక ముందు, ఫిలడెల్ఫియా నుండి షికాగో వెళుతూ, పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద వానలో కారు అదుపు తప్పింది. ఆ కారులో క్లిఫర్డ్ ఒక్కడే లేడు. రిచీ పవెల్ ఉన్నాడు, కారు నడుపుతున్న రిచీ భార్య నాన్సీ ఉన్నది. ముగ్గురూ పోయారు. రిచీకి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. నేను చదివిన ఎన్నో నివాళులలో రిచీ దంపతులు ఒక పొడి వాక్యంలో "మరో ఇద్దరు" అయ్యారు. చావు కథకు ఉన్న ఆకర్షణ ఎంతటిదంటే, 1973లో 'ది బిగినింగ్ అండ్ ది ఎండ్' అనే రికార్డు వచ్చినప్పుడు, ఫిలడెల్ఫియాలో స్థానిక వాద్యకారులతో వాయించిన పాటలను అతని చివరి రాత్రి వాయింపుగా ప్రచురించారు. అది అంతకు ఏడాది ముందటిదని తరువాత పరిశోధించినవారు తేల్చారు. చివరి రాత్రి అనుకుని కన్నీళ్లతో విన్నవారు నిజానికి విన్నది పక్కవారి ఊపుకు ఉత్సాహంగా బదులిస్తున్న ఒక కుర్రవాడి మామూలు సాయంత్రాన్ని. నాకైతే అది తెలిసిన తరువాతే ఆ పాటలు ఎక్కువ ఇష్టమయ్యాయి.

క్లిఫర్డ్ మరణవార్త విన్నప్పుడు ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ బృందంలో ఉన్న బెన్నీ గాల్సన్ తరువాత 'ఐ రిమెంబర్ క్లిఫర్డ్' అనే స్వరరచన కట్టాడు. దాన్ని 1957 మార్చి 24న బ్లూ నోట్‌కు రికార్డు చేసిన ట్రంపెట్ వాద్యకారుడు లీ మోర్గన్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు. యాప్‌లో అతని పేరు కనిపిస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. ఆ పాటలో టెనర్ వాయించినది గాల్సన్, పియానో వింటన్ కెల్లీ, బేస్ పాల్ చేంబర్స్, డ్రమ్స్ చార్లీ పర్సిప్. ఆల్టో శాక్సఫోన్ వాయించినది గీగీ గ్రైస్. పారిస్‌లో హాంప్టన్ కన్నుగప్పి క్లిఫర్డ్‌తో పాటు స్టూడియోకు వెళ్లిన ఆ గ్రైసే.