గడువు వచ్చేసరికి కుర్చీలో ఎవరుంటారు?
నేతలకు నిజాయతీ లేకనే పర్యావరణ హామీలు తప్పుతున్నారని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. నాకు అది సగమే నిజమనిపిస్తోంది. హామీ ఇచ్చిన రోజే చప్పట్లు వస్తాయి, ఖర్చు మాత్రం తర్వాత జనం జేబు మీద పడుతుంది. ఫ్రాన్స్‌లో 2018లో ఇంధన పన్ను పెంచబోతే, కారు తప్ప వేరే దారి లేని పల్లె జనం పసుపు చొక్కాలతో రోడ్డెక్కారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2023లో బ్రిటన్ కొత్త పెట్రోల్ కార్ల నిషేధాన్ని 2030 నుంచి 2035కు జరిపింది. అప్పటికే ఎలక్ట్రిక్ కార్లకు పెట్టుబడి పెట్టిన ఫోర్డ్ కంపెనీయే దాన్ని తప్పుపట్టింది! ఇక పర్యావరణ హామీకి 2050 అని గడువు పెట్టే నాయకుడు అప్పటికి పదవిలో ఉండడు, అడగడానికి దొరకడు. అందుకే ఏటేటా చేరాల్సిన లక్ష్యం, ధరలు పెరిగితే నలిగిపోయే పేదలకు ముందే సాయం, ఈ రెండూ చట్టంలో ఉండాలి. అవి లేని హామీని నేను నమ్మను.