"కీప్యాడ్ ఫోన్ పని అయిపోయింది" అంటున్న ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత

ఈమధ్య ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మీక్కూడా వచ్చే ఉంటుంది. "మీ పెద్దవాళ్ళ దగ్గర ఇంకా కీప్యాడ్ ఫోనే ఉందా? 2జీ ఆపేస్తున్నారు, అది ఇక పనిచేయదు. రీచార్జి టచ్ ఫోన్‌కెంతో దానికీ అంతే. డబ్బులు పంపలేరు, తెలుగు రాదు, ఆపదొస్తే దిక్కుండదు, గవర్నమెంట్ పనులవ్వవు. వెంటనే మార్చేయండి." ఇదీ దాని సారాంశం. అనకాపల్లి దగ్గర మాకు చిన్న మొబైల్ షాపుంది, ఈ మెసేజ్ చదివి పిల్లలు బాగా నడుస్తున్న చిన్న ఫోన్ పక్కన పడేసి ఈఎంఐలో టచ్ ఫోన్ కొని అమ్మ చేతిలో పెడుతున్నారు, తీరా ఆవిడకి కాల్ వస్తే పైకి జరపాలో పక్కకి జరపాలో తెలీక అది కట్ అయిపోతోంది. టచ్ ఫోన్ అమ్మితేనే నాకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగుల్తాయి, అయినా చెప్తున్నా, ఆ మెసేజ్‌లో చాలా మాటలు తప్పు.

ముందు 2జీ సంగతి, అంటే చిన్న ఫోన్లు నడిచే పాత తరం నెట్‌వర్క్ సంగతి, అందర్నీ భయపెడుతున్నది ఇదే కాబట్టి. 2జీ ఆపేయండని గవర్నమెంట్ ఆర్డరేమీ ఇవ్వలేదు. జియో మాత్రం ఎప్పట్నించో అడుగుతోంది, 2023లో జియో భారత్ ఫోన్ తెచ్చినప్పుడు కూడా దేశంలో ఇంకా 25 కోట్ల మంది 2జీలోనే ఉండిపోయారని వాళ్ళే చెప్పారు. జియోకి మొదట్నుంచీ 2జీ నెట్‌వర్క్ లేదు, 2016లో మొదలైందే 4జీతో, కాబట్టి అలా అడగడం వాళ్ళ వ్యాపారం. ఒక కంపెనీ కోరుకోవడం వేరు, రేపట్నించి ఆగిపోవడం వేరు. ఎయిర్‌టెల్ సంగతి చూడండి, 2020 నాటికి 3జీ తీసేసుకుంది గానీ 2జీ మాత్రం ఉంచింది, ఎందుకంటే చిన్న ఫోన్ల వాళ్ళంతా మాట్లాడేది దాని మీదే.

సరే, రేపెప్పుడో నిజంగానే 2జీ ఆగిందే అనుకుందాం, అప్పుడు కూడా కీప్యాడ్ అంటే 2జీ అని లెక్కేమీ లేదు కదా. బటన్ల ఫోన్లలోనే 4జీవి వచ్చి చాలా కాలమైంది, నోకియా 106 4జీ, 110 4జీ, జియో భారత్ ఇవన్నీ బటన్ల ఫోన్లే. అసలు జనం మోసపోయేది ఇక్కడే, ఈ ముక్క ఆ మెసేజ్ రాసినాయన రాయలేదు. వెయ్యీ పదమూడొందలకి వచ్చే ఫోన్లు ఎక్కువ 2జీవే ఉంటాయి, అందులో జియో సిమ్ వేస్తే సిగ్నలే రాదు. ఇంటికెళ్ళి సిమ్ వేసి "ఫోన్ పాడైంది" అని తిరిగొస్తారు, ఫోన్‌కేం కాలేదు, సిమ్మే దానికి పడదు. జియో భారత్‌ది దీనికి రివర్సు, అందులో జియో సిమ్ తప్ప వేరేది పనిచేయదు. అందుకే కొనేముందు అట్టపెట్టె మీద 4జీ, వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సౌకర్యం) అని రాసుందో లేదో చూడండి, వాడేవాళ్ళ సిమ్ ఏదో చెప్పండి, ఇంకా మంచిది ఆ సిమ్ షాపుకే తెచ్చి వేసి ఒక కాల్ చేసి చూసుకోండి. ఇంకో అయిదారేళ్ళు బెంగ లేకుండా ఉండాలంటే నాలుగైదొందలు ఎక్కువైనా 4జీ బటన్ ఫోనే తీసుకోండి, నేనైతే మా అమ్మకి అదే ఇచ్చాను.

రీచార్జి రేటు ఒకటే అన్న మాట మొన్నమొన్నటిదాకా నిజమే, దాని మీద నాక్కూడా కోపం ఉండేది. నెట్ అన్న మాటే ఎరగని మనిషి చేత రోజుకింత డేటా అని కొనిపించేవారు. అయితే 2024 డిసెంబర్‌లో ఫోన్ కంపెనీల మీద పెత్తనం చేసే ట్రాయ్ రూల్ మార్చింది, కాల్సూ ఎస్సెమ్మెస్‌లూ మాత్రమే ఉండే ప్యాక్ ప్రతి కంపెనీ కనీసం ఒకటైనా పెట్టి తీరాలి, వ్యాలిడిటీ కూడా 365 రోజుల దాకా ఇవ్వొచ్చు. 2025 జనవరిలో ఆ ప్యాకులు వచ్చేశాయి. అప్పటి రేట్లు చెప్తున్నా: ఎయిర్‌టెల్‌లో 84 రోజులకి 469, జియోలో 84 రోజులకి 448, వీ (వొడాఫోన్ ఐడియా)లో కూడా అన్ని రోజులకే 470. అప్పట్లో ఎయిర్‌టెల్ నెల ప్యాక్ 28 రోజులకి 199, అది మూడుసార్లు వేయిస్తే 597, అంటే మూడు నెలల్లోపే 128 రూపాయలు మిగిలాయి. రేట్లు మారుతుంటాయి కాబట్టి వేయించే రోజున కనుక్కోండి, కానీ "డేటా లేని ప్యాక్ ఉందా" అని నోరు తెరిచి అడగండి, అడక్కపోతే కౌంటర్‌లో మామూలుగా కొట్టేది డేటా ప్యాకే.

డబ్బులు పంపలేరు అన్నది మాత్రం పచ్చి అబద్ధం. యూపీఐకి నెట్ ఉండి తీరాలనేం లేదు. స్టార్ 99 హ్యాష్ కొడితే మెనూ వస్తుంది, డెబిట్ కార్డు చివరి ఆరంకెలూ ఎక్స్‌పైరీ తేదీ ఇచ్చి పిన్ పెట్టుకుంటే చాలు, ఆ తర్వాత డబ్బు పంపొచ్చు, బ్యాలెన్స్ చూసుకోవచ్చు. రెండోది యూపీఐ 123పే, 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంక్ మొదలుపెట్టింది, ఇందులో ఒక నంబర్‌కి కాల్ చేస్తే అది అడుగుతూ ఉంటుంది మనం అంకెలు నొక్కుతూ ఉంటాం. దీని లిమిట్ మొదట 5,000 ఉండేది, తర్వాత 10,000 చేశారు. హెచ్ఎండీ 105, 110 లాంటి ఫోన్లలో ఇది మెనూలోనే ఇచ్చేశారు. టీ కొట్టు దగ్గర స్కాన్ చేసినంత తొందరగా అవుతుందా అంటే అవదు, ఓపిక కావాలి. కానీ ఊళ్ళో మనవడికి అయిదొందలు పంపాలంటే ఇది సరిపోతుంది.

తెలుగు రాదంట! మన దేశంలో అమ్మే ఫోన్లలో మన భాషలన్నీ చదవడానికి వీలుండాలని రూలే ఉంది, కొత్తగా కొన్న చిన్న ఫోన్‌లో తెలుగు మెసేజ్ డబ్బాలు డబ్బాలుగా కనబడితే అది నాసిరకం సరుకని అర్థం. అనుమానముంటే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి వచ్చిన 15 అంకెల ఐఎంఈఐని, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్ని, ముందు కేవైఎం (KYM) అని ఇంగ్లీషులో కొట్టి, 14422కి ఎస్సెమ్మెస్ చేయండి, ఆ ఫోన్ సంగతి తెలిసిపోతుంది. తెలుగులో మెసేజ్ పంపేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి, ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే, పైగా గుణింతాలూ పొల్లులూ కూడా విడివిడిగా లెక్కే, "నమస్కారం" అంటేనే ఎనిమిది పోతాయి.

ఆపదొస్తే దిక్కులేదనడం చూసి నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే చిన్న ఫోన్‌లో ఆపదకి ఒక బటన్ ఉందని చాలామందికి తెలీదు. 2017 జనవరి 1 నుంచి అమ్మే ప్రతి బటన్ ఫోన్‌లో 5 గానీ 9 గానీ కాసేపు నొక్కి పట్టుకుంటే ఎమర్జెన్సీ కాల్ వెళ్ళాలని కేంద్రం రూల్ పెట్టింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ రెండు అంకెల్లో ఏదో ఈరోజే చూపించండి. మా వైపు బెల్లం వండే చోట చూస్తే చేతులన్నీ పాకంతో జిగురుగా ఉంటాయి, ఆ చేత్తో టచ్ స్క్రీన్ ఎంత నొక్కినా కదలదు, బటన్ మాత్రం పలుకుతుంది. రాత్రి చెరకు తోటకెళ్తే దాని టార్చే దిక్కు. లైవ్ లొకేషన్ పంపలేరు, అది నిజమే, ఒప్పుకుంటా.

ఇక్కడే ఇంకో మాట. పీఎం కిసాన్ అనీ, ట్రాఫిక్ చలానా అనీ వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్ళు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) పంపి ఖాతాలు ఊడ్చేస్తున్నారు కదా, ఆ ఫైల్ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే ఎక్కుతుంది, మామూలు చిన్న ఫోన్‌లో ఎక్కదు. పోలీసు డ్రెస్ వేసుకుని వీడియో కాల్‌లో బెదిరించే డిజిటల్ అరెస్టు వాళ్ళకీ వీడియో కాల్ లేని ఫోన్‌తో పని జరగదు. అలాగని చిన్న ఫోన్‌కి మోసమే రాదనుకోవద్దు, ఓటీపీ అడిగేవాడు దీనికీ ఫోన్ చేస్తాడు, చెప్తే దీన్లోనూ డబ్బు పోతుంది. పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి, దానికి చిన్న ఫోన్ చాలు.

చివరిది గవర్నమెంట్ పనులు. ఇందులో సగం నిజముంది. ఆంధ్రాలో 2025 జనవరి నుంచి మన మిత్ర అని వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లూ బిల్లులూ పెట్టారు, అది చిన్న ఫోన్‌లో దొరకడం కష్టం. కానీ ఆ పని రోజూ ఉండదు, ఇంట్లో ఎవరో ఒకరి వాట్సాప్ నుంచి చేసి పెట్టొచ్చు, లేదా సచివాలయానికో మీసేవకో వెళ్ళొచ్చు. ఆధార్‌కి ఆ చిన్న ఫోన్ నంబరే లింక్ అయ్యుంటే ఓటీపీ మామూలు ఎస్సెమ్మెస్‌గా దానికే వస్తుంది, కాబట్టి ఫోన్ ఏదైనా సరే, ఆ నంబర్ మాత్రం రీచార్జి లేక ఆగిపోకుండా చూసుకోండి.