తప్పు మాటను పట్టుకునేది చెవి కాదు

"ఎడమవైపు" అనబోయి "కుడి.." దగ్గరే ఆగి, నాలుక కరుచుకుని దిద్దుకుంటాం. మన మాట మన చెవిన పడింది కాబట్టి తప్పు దొరికిందనుకుంటాం కానీ ఆ లెక్క కుదరదు. చెవి విని, మెదడు అర్థం చేసుకుని, నోటిని ఆపేంత టైమ్ అక్కడ ఎక్కడుంది? సొంత గొంతు వినబడకుండా హోరు పెట్టినా మనుషులు కొన్ని తప్పులు పట్టుకుంటారని ప్రయోగాల్లో ఎప్పుడో తేలింది.

ఎదుటివాళ్ల మాటను అర్థం చేసుకునే వ్యవస్థే, పైకి రాకముందు లోపలి మాటనూ వింటుందని 1980ల్లో భాషా మనస్తత్వవేత్త విలెం లెవెల్ట్ వాదించాడు. వినడానికి బాగుంది. కానీ స్ట్రోక్ వచ్చి అఫేసియా (మెదడు దెబ్బతిని మాట, భాష చెడటం) బారిన పడినవాళ్లలో కొందరికి ఎదుటివాళ్ల మాట చక్కగా అర్థమవుతుంది, తమ తప్పు మాత్రం తెలియదు. ఇంకొందరిది సరిగ్గా దీనికి ఉల్టా.

అసలు విషయం మెదడులోని తీగల్లో ఉంది. పదాన్ని ఎంచుకునేటప్పుడు రెండు మాటలు పోటీపడితే, ఆ గొడవ కబురు నుదుటి వెనక, మధ్య గీతకు దగ్గరగా ఉండే భాగానికి చేరాలి. తప్పు జరిగాక సెకనులో పదో వంతు లోపే అక్కడ ఒక విద్యుత్ సంకేతం కనిపిస్తుంది. స్ట్రోక్ వల్ల నుదుటి భాగానికి వెళ్లే తెల్ల పదార్థపు దారులు, అంటే మెదడు భాగాలను కలిపే ఆ తీగలు, తెగితే, మాట వస్తూనే ఉంటుంది, తప్పు దొర్లిందన్న కబురు మాత్రం చేరదు. అలాంటి మనిషిని పట్టుకుని "మొండితనం", "చెప్తే వినడు" అని ఇంట్లోవాళ్లు విసుక్కోవడం ఎంత అన్యాయం! స్పీచ్ థెరపీలో ఎన్ని తప్పులు వచ్చాయో లెక్కపెడితే చాలదు, వాటిలో ఎన్ని ఆ రోగే పట్టుకున్నాడో కూడా రాయాలి. థెరపీ ఎక్కడ మొదలుపెట్టాలో ఆ రెండో అంకె చూస్తేనే తెలుస్తుంది.

మనకున్న దిద్దే పిచ్చి సంగతీ ఇక్కడే చెప్పాలి. మామూలు సంభాషణలో, మాట్లాడేవాళ్లే దిద్దుకునేందుకు వినేవాళ్లు చిన్న సందు ఇస్తారని 1977లోనే సంభాషణలను పరిశోధించిన షెగ్లాఫ్, జెఫర్సన్, శాక్స్ చూపించారు. పెద్దవాళ్ల మధ్య ఇంత మర్యాద ఉంది కదా, మరి క్లాసులో పిల్లాడి నోట తప్పు పదం సగం రాగానే టీచర్ ఎందుకు అందుకుంటారు? లోపలి నుంచి రావాల్సిన కబురు రాకముందే బయటి నుంచి జవాబు వచ్చి పడుతోంది. పిల్లాడు తప్పు చెప్పాక టీచర్లు ఒక్క రెండు సెకన్లు నోరు మూసుకుని చూడండి, చాలా తప్పులను వాడే దిద్దుకుంటాడు.