చుక్క వెనక పడ్డవాడు

వంటింట్లో మెత్తబడ్డ అరటిపండు మీద రోజూ పెళ్లిచూపులు జరుగుతుంటే, గుడ్డతో విదిలించి తోలేసే జాతి మనది. కాస్త వంగి చూడండి. రెండున్నర మిల్లీమీటర్ల పెళ్లికొడుకు, పళ్ల ఈగ గారు, ఆవిడ వెనకే నడుస్తుంటాడు. ఆవిడ కుడికి తిరిగితే కుడికి, ఎడమకి తిరిగితే ఎడమకి. ముందుకాలితో ఓసారి తట్టి రుచి చూస్తాడు (ఈ పద్ధతి మనవాళ్లు పాటించవద్దని మనవి). ఆపైన ఒక్క రెక్క చాచి, వణికిస్తూ పాట అందుకుంటాడు. ఆవిడ ఏ పక్కనుంటే ఆ పక్క రెక్కే! దూరం జరిగితే గొంతు పెంచుతాడు. నచ్చకపోతే ఆవిడ కాలితో ఒక్కటి తన్నుతుంది. జాతకాల దాకా వెళ్లదు.

ఇంతటి మర్యాదస్తుడికి న్యూయార్క్‌లో ఘోరం జరిగిపోయింది. రాక్‌ఫెలర్ యూనివర్సిటీలో వెనెసా రూటా బృందం మగ ఈగని కట్టేసి, కాళ్ల కింద గాలిలో తేలే బంతి పెట్టి, ఎదురుగా తెర మీద ఒక చుక్కని అటూ ఇటూ ఆడించింది. చక్కని చుక్క కాదండీ, ఉట్టి చుక్క. ఈగ దాని వెంటపడింది. రెక్క కూడా చాచింది. ఈ భాగోతాన్ని 2021లో 'నేచర్' పత్రికలో అచ్చేశారు కూడా. మన పెళ్లిళ్ల పేరయ్యలు మరీ ఇంతకి తెగించరు, ఫొటోలో కనీసం మనిషన్నా ఉంటుంది.

అలాగని ఈగని వెర్రివాడి కింద జమకట్టేయకండి. మామూలు వేళ అదే చుక్క ఆడినా అతగాడికి పెద్దగా పట్టదు. చేసేదంతా మెదడులో పీ1 అనే నాడీకణాల ముఠా. అది లేచిందంటే, కదిలే చిన్న వస్తువుల కబుర్లు కంటి నుంచి మోసుకొచ్చే ఎల్‌సీ10ఏ కణాలకి ఎక్కడలేని హుషారూ వస్తుంది. కళ్లు అవే, చుక్కా అదే. ఇప్పుడు మాత్రం కళ్లు తిప్పుకోలేడు.

ఆస్ట్రేలియాలో ఇంకా అన్యాయం. అక్కడో రకం మగ పెంకుపురుగులు రోడ్డు పక్క బీరుసీసాలతో కాపురానికి సిద్ధపడ్డాయని 1983లో ఇద్దరు పరిశోధకులు రాశారు. గోధుమరంగు నిగనిగ, అడుగున బుడిపెలు, ఇంకేం కావాలి? (సీసాలు ఖాళీవే. తాగింది వేరేవాళ్లు.)

ఈగ తరఫున పరువునష్టం నోటీసు రాసి, మా అబ్బాయికి వినిపిద్దామని వెళ్లాను. రాత్రి ఒంటిగంట. వెల్లకిలా పడుకుని ఫోన్లో సంబంధాల యాప్ జరుపుతున్నాడు.

"ఒక్క నిమిషం నాన్నా" అన్నాడు. తల తిప్పకుండానే ఒక్క చెయ్యి పక్కకి చాచాడు, ఛార్జర్ కోసం.