మాట మీటులో వినిపిస్తుందా?

మొన్న మా ఇంటి పెళ్లిలో తలంబ్రాల వేళ సన్నాయివారు 'మల్లీశ్వరి' చిత్రంలోని 'మనసున మల్లెల మాలలూగెనే' పాటను అందుకున్నారు. సన్నాయికి జోడుగా ఆనాడు శాక్సఫోన్ కూడా పెట్టుకున్నారు. పల్లవిని శాక్సఫోన్ నెమ్మదిగా, అమెరికా జాజ్ ధోరణిలో ఎత్తుకోగా సన్నాయి దానికి అడ్డుపడుతూ, అలుగుతూ బదులు చెప్పింది. పందిట్లో చాలామంది చేతిలోని అక్షతలు మరిచిపోయి విన్నారు. మా బాబాయి గారు మాత్రం మొహం చిట్లించుకున్నారు. ఆయన ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకున్న మనిషి. మా చెల్లెలు వీణ వాయిస్తుంది, కచేరీ చివర ఒకటి రెండు సినిమా పాటలు తనదైన పోకడలో వినిపిస్తుంది. భోజనాలైన తరువాత అరుగు మీద ఆ ఇద్దరి మధ్య జరిగిన వాదాన్ని వీలైనంతవరకు యథాతథంగా ఇక్కడ పెడుతున్నాను. నేను ఎవరి పక్షమూ వహించలేదు, తాంబూలం మాత్రం అందించాను.

బాబాయి: ఆ పాటకు ప్రాణం కృష్ణశాస్త్రిగారి మాట. 1951లో రాజేశ్వరరావుగారు కట్టిన బాణీ, భానుమతిగారి గొంతు ఆ మాటను మోసిన పల్లకీ. ఇవాళ పందిట్లోకి పల్లకీ వచ్చింది గాని, లోపల పెళ్లికూతురు లేదు.

చెల్లెలు: లేదని మీకెలా తెలిసింది బాబాయ్? శాక్సఫోన్ పల్లవి ఎత్తుకున్న మరుక్షణం మీ పెదవులు కదలడం నేను చూశాను.

బాబాయి: నా పెదవుల మీద మాట ఉంది కాబట్టే లోటు నాకు తెలిసింది. నా పక్కన కూర్చున్న పదహారేళ్ల కుర్రాడికి ఆ లోటే తెలియదు. వాడికి అది ఏదో హాయైన రాగం. రేపు ఎవరైనా అసలు పాట వినిపిస్తే, ఇందులో శాక్సఫోన్ ఏదని అడుగుతాడు. కొత్త వరుసలో వాయించడం పాతదాన్ని బతికించడమని మీరంటారు, నాకేమో అది పాతదాని చోటులో కూర్చోవడంలా కనిపిస్తుంది.

చెల్లెలు: మాట లేదన్న దగ్గరే నాకు పేచీ ఉంది. మా గురువుగారు ఏ కీర్తననైనా ముందు నోటితో పాడించేవారు, అది వచ్చిన తరువాతే వీణ ముట్టనిచ్చేవారు. ఎందుకంటే మీటు ఎక్కడ పడాలో చెప్పేది సాహిత్యమే. అక్షరం పుట్టినచోట కుడిచేయి మీటుతుంది, దీర్ఘం సాగినచోట ఆ చేయి ఆగిపోయి, ఎడమచేతి వేలు మెట్టు మీద తంత్రిని పక్కకు లాగుతూ, మీటులో మిగిలిన కాస్త నాదంతోనే గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపి పలికించడాన్ని, పూర్తి చేస్తుంది. 'మనసున' అన్న నాలుగు హ్రస్వాలకు నాలుగు మీట్లు, 'మాల' దగ్గర 'మా'కు ఒక్క మీటు పడి, ఆపైన అంతా లాగుడే. సన్నాయిలో ఇదే పని నాలుక చేస్తుంది. పీకకు నాలుక తగిలిన ప్రతిసారీ ఒక అక్షరం మొదలవుతుంది. మంచి సన్నాయి వాయిద్యం విన్నప్పుడు మాట వినిపించినట్టు అనిపించడం భ్రమ కాదు, ఆ మనిషి నిజంగా మాటను పలుకుతూనే ఊదుతున్నాడు.

బాబాయి: నువ్వు చెప్పినదాంట్లో అక్షరాల ఎడం ఉంది, అర్థం లేదు. 'మల్లెల' అన్నా 'పిల్లుల' అన్నా నీ వీణకు ఒకటే మీటు.

(ఇక్కడ పక్కనున్న పిల్లలంతా నవ్వారు. చెల్లెలు కూడా నవ్వింది గాని, ఆ మాట దానికి తగిలిందని నాకు తెలిసింది.)

చెల్లెలు: సరే, ఇంకోవైపు నుంచి వస్తాను. అరువు తెచ్చుకున్న వాద్యంతో, అరువు తెచ్చుకున్న వరుసతో పాడుకోవడం మన సంగీతానికి కొత్తా? వయొలిన్ ఎక్కడిది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని తెల్లవారి దగ్గర నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చారు. ముత్తుస్వామి దీక్షితులైతే కుంపిణీ బ్యాండువారు వాయించిన పాశ్చాత్య వరుసలకు సంస్కృతం కట్టారు, వాటినే నొట్టుస్వరాలంటున్నాం. ఇంగ్లండు రాజును దేవుడు కాపాడాలన్న పాట వరుసలోనే 'సంతతం పాహి మాం' అంటూ అమ్మవారిని వేడుకున్నారు. అంతకన్నా విడ్డూరమైన మార్పు ఈనాటి ఏ కుర్రాడు చేశాడు చెప్పండి!

బాబాయి: అమ్మాయ్, ఆ ఉదాహరణ నీది కాదు, నాది. బ్యాండువారి దగ్గర వరుస మాత్రమే ఉంటే, దీక్షితులవారు దానికి మాట ఇచ్చారు. మీరు మాట ఉన్నదాన్ని తెచ్చి వరుస మాత్రం మిగులుస్తున్నారు. ఆయన నడిచిన దారిలోనే మీరు ఎదురుగా వెనక్కి నడుస్తున్నారు.

చెల్లెలు: అయితే కార్తీకమాసంలో సినిమా వరుసల మీద అయ్యప్ప భజనలు కడతారే, అవి మీకు సమ్మతమేనా? అక్కడ వరుస ఉంది, మాట కొత్తగా వచ్చింది, మీ లెక్కకు సరిపోయింది.

బాబాయి: సమ్మతం కాదు. భక్తి వేరు, అభిరుచి వేరు. దాన్ని వదిలెయ్.

చెల్లెలు: వదిలేశాను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌గారిని మాత్రం వదలను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తంత్రులుంటాయి, జత తంత్రి మీద గమకం నిలవదు. అందుకే ఆయన ఐదు ఒంటి తంత్రుల విద్యుత్ వాద్యంతో కర్ణాటక సంగీతాన్ని పలికించారు. శాక్సఫోన్‌ను మన కచేరీకి తెచ్చిన కద్రి గోపాలనాథ్‌గారూ దాని మీటల అమరికను గమకానికి వీలుగా మార్పించుకున్నారు. ఇది మనకు పనికిరాదన్నవారు వారిద్దరి కాలంలోనూ ఉన్నారు.

బాబాయి: వారిని నేను తలవంచి వింటాను. కాని వారు చేసినదేమిటో నువ్వే చెప్పావు. వాద్యాన్ని కోసి, తంత్రులు తీసి, మీటలు మార్చి సంగీతానికి వంచారు. ఇవాళ పందిట్లో అది తిరగబడింది. శాక్సఫోన్‌కు జాజ్ నడక అలవాటు కాబట్టి పాటకు ఆ నడక నేర్పారు. వాద్యం వంగితే అది సాధన, పాట వంగితే అది సౌకర్యం.

ఈ మాట దగ్గర నేను మనసులోనే బాబాయికి ఒక మార్కు వేశాను. చెల్లెలు కూడా వెంటనే జవాబు చెప్పలేదు, ఒక వక్క నమిలి తరువాత అందుకుంది.

చెల్లెలు: వంగినప్పుడే బయటపడేవి కొన్ని ఉంటాయి బాబాయ్. 1994లో నైన్ ఇంచ్ నెయిల్స్ అనే అమెరికా బృందానికి చెందిన ట్రెంట్ రెజ్నర్, ముప్పై నిండకముందే, 'హర్ట్' అనే పాట రాసి పాడాడు. అది తనను తాను గాయపరుచుకునే యువకుడి పాట, వెనక యంత్రాల రొద. 2002లో జానీ క్యాష్ అనే కంట్రీ (అమెరికా పల్లె బాణీ) గాయకుడు, డెబ్బయ్యేళ్ల మనిషి, జబ్బుతో ఉండి కూడా ఆ పాటను గిటారు, పియానోలతో మళ్లీ పాడాడు, మరుసటి ఏడాదే కన్నుమూశాడు. అదే వరుస, దాదాపు అవే మాటలు. కుర్రవాడి నోట బెదిరింపులా వినిపించిన పాట ముసలాయన నోట వీలునామాలా వినిపిస్తుంది. దాని వీడియో చూశాక, ఇక ఆ పాట తనది కాదని రెజ్నరే అన్నాడు.

బాబాయి: 'దాదాపు' అన్నావు. మారినదేది?

చెల్లెలు: ఒక్క మాట. అసలు పాటలో పెంట కిరీటం, క్యాష్ దాన్ని ముళ్ల కిరీటం చేశాడు.

బాబాయి: చూశావా! గిటారు మార్చినందుకు కాదు, ఆ ముళ్ల కోసం నేనాయన పాట వింటాను. ఏసుక్రీస్తు తల మీది కిరీటం ఒక్క మాటతో పాటలోకి వచ్చేసింది. మనిషి ఎలా బతికాడో, దేన్ని నమ్మాడో అక్కడ తెలిసింది. అంతటి పని మాట చేస్తుంటే, మీరు మాటే అక్కర్లేదంటారు.

చెల్లెలు: మాట లేనిదీ ఒకటి చెబుతాను. ఫిన్లండులో సిబేలియస్ అకాడమీలో చదువుకున్న నలుగురు చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాద్యకారులు అపోకలిప్టికా పేరుతో 1996లో మెటాలికా అనే మెటల్ (రొద ఎక్కువగా ఉండే రాక్) బృందం పాటలను కేవలం నాలుగు చెల్లోల మీద వాయించి తొలి ఆల్బమ్ తెచ్చారు. గొంతు ఉండదు, డ్రమ్ములు ఉండవు. ఒక చెల్లో గొంతు పనిచేస్తే, మిగతావి కమాను కొసతో తంత్రిని కొరుకుతున్నట్టు వాయించి గిటారు రొదను తెస్తాయి. మెటల్ పాటలో అంత విషాదమైన వరుస దాగి ఉందని నాకు తెలిసింది ఆ చెల్లోలు విన్నాకే.

బాబాయి: బాగానే ఉండి ఉంటుంది. అయితే నా తీర్పుకు విలువ లేదు, ఎందుకంటే ఇంగ్లీషు పాటలో మాట పోతే పోయిందన్న బాధ నాకుండదు. పరాయి ఇంట్లో గోడ కూల్చితే గాలి బాగా వస్తోందనడం తేలిక.

చెల్లెలు: ఇది నిజాయితీ గల మాట. మరి మీ ఇంటి గోడ గురించే మాట్లాడదాం. మాటా వరుసా చెక్కుచెదరకుండా ఉంచి వేరే గొంతుతో పాడించిన క్యాసెట్లు 1980లలో బజారు నిండా ఉండేవి. అసలు క్యాసెట్ కన్నా చవక, అసలును గుర్తుకు తేవడం తప్ప వాటికి వేరే పని లేదు. అవి మీకు అభ్యంతరం కాలేదా?

బాబాయి: మా ఇంట్లోనూ రెండు ఉండేవి. అసలువి కొనే స్తోమత ఉండేది కాదు.

చెల్లెలు: మన చట్టం చూపు కూడా అంతే ఉంది. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 31సి సెక్షన్ ప్రకారం, పాట తొలిసారి రికార్డయిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగి, ముందుగా నోటీసిచ్చి, ఏటా కనీసం 50,000 ప్రతులకు సరిపడా రాయల్టీ ముందే కట్టి ఎవరైనా కవర్ రికార్డు, అంటే అదే పాటను వేరే గొంతుతో మళ్లీ రికార్డు, చేయవచ్చు. కాని సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప మాటలోగాని వరుసలోగాని మార్పు ఉండకూడదు. అమెరికా చట్టమైతే పాడేవారి శైలికి తగినంతగా పాటను మలుచుకోనిస్తుంది, మూల వరుసనూ పాట స్వభావాన్నీ మాత్రం మార్చనివ్వదు. అంటే మన దగ్గర అచ్చు దించేవాడికి దారి సులువు, ఆలోచించేవాడు గుమ్మం గుమ్మం తిరిగి అనుమతి తెచ్చుకోవాలి.

బాబాయి: తెచ్చుకోవాల్సిందే. కృష్ణశాస్త్రిగారు 1980లో పోయారు, కవి పోయాక 60 ఏళ్లు ఆయన మాటకు రక్షణ ఉంటుంది. అప్పటిదాకా ఆయన బదులు ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి అడగడం నాకు తప్పుగా తోచదు. ఇంతకీ పందిట్లో సన్నాయివారు ఎవరిని అడిగారు?

చెల్లెలు: అడగనక్కర్లేదు. పెళ్లి ఊరేగింపులోనూ పెళ్లి వేడుకల్లోనూ వాయించడం ఉల్లంఘన కాదని అదే చట్టం 52వ సెక్షన్ చెబుతోంది.

బాబాయి: చట్టానికి కూడా పెళ్లి భోజనం పెట్టినట్టున్నారు! సరే, ఫోన్లలో వచ్చే వేషాల సంగతేమిటి? గ్లాసుల మీద, కుక్కరు కూతల మీద పాటలు వాయిస్తారు. వినేవాడు పాట వినడు, గారడీ చూస్తాడు.

చెల్లెలు: కొన్ని గారడీలే, ఒప్పుకుంటాను. కాని పోలండులో ఒక ఇంజనీరు పాత కంప్యూటర్ల ఫ్లాపీ డ్రైవుల మీద సినిమా సంగీతం వాయించాడు. డ్రైవులోని మోటారు సెకనుకు ఎన్ని అడుగులు వేస్తే అంత స్థాయి శ్రుతి పలుకుతుంది, దాన్ని లెక్కకట్టి స్వరాలు రాబట్టాడు. అది విన్నాక శ్రుతి అంటే ఏమిటో మా శిష్యులకు చెప్పడం నాకు సులువైంది.

బాబాయి: అది నాకు నచ్చింది. చెత్తబుట్టకు పోవలసిన యంత్రం పాడడం ముచ్చటే, పైగా అది కృష్ణశాస్త్రిని ముట్టుకోలేదు. నాకు గుచ్చుకునేది ముట్టుకున్నప్పుడే. నీ వీణ కారులో ఉందా?

వీణ వచ్చింది. చాప పరిచారు. శ్రుతి చేసుకోవడానికి పది నిమిషాలు పట్టింది, ఎండకు మెట్ల కింద మైనం మెత్తబడిందని చెల్లెలు గొణుక్కుంది. తరువాత పాడకుండా, ఏ పాటో చెప్పకుండా, ఆ పల్లవినే బాగా నిదానించి, శాక్సఫోన్ వేసిన జాజ్ నడకలోనే మొదలుపెట్టింది. బాబాయి కళ్లు మూసుకున్నారు. మొదటి ఆవృతం పూర్తి కాకముందే చేయెత్తి ఆపారు.

బాబాయి: 'మల్లెల' దగ్గర ద్విత్వం జారిపోయింది. 'మలెల' అని వినిపిస్తోంది. అక్కడ ఒత్తి మీటు.

చెల్లెలు తలెత్తి ఆయన వంక చూసింది, ఏమీ అనలేదు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.