మా ఆయనకి ఫోన్ చేసిన పెద్దమనిషి గురించి

ఇప్పుడే ఇంటికొచ్చాను. కోటు కూడా విప్పకుండా రాస్తున్నాను. కోపం చల్లారితే ఇక రాయను, ఎప్పటిలాగే మింగేస్తాను.

ఇక్కడ ఇంగ్లండులో మా ఊళ్ళో ఒక చారిటీ పుస్తకాల షాపులో (జనం ఉచితంగా ఇచ్చిన పాత పుస్తకాలు అమ్మి, ఆ డబ్బు సేవకి వాడే షాపు) వారానికి రెండు రోజులు వాలంటీరుగా చేస్తున్నానని మీలో చాలామందికి తెలుసు. ఈరోజు మధ్యాహ్నం మన తెలుగాయన ఒకరు, ఉగాదికీ దసరాకీ కలిసే మనిషే, షాపులోకి వచ్చారు. గల్లా దగ్గర నన్ను చూసి ఆగిపోయారు. "ఏంటమ్మా, ఇక్కడున్నావు?" అన్నారు. చెప్పాను. "ఎంతిస్తారు?" అన్నారు. ఏమీ ఇవ్వరండీ అన్నాను. ఒక్క పుస్తకం ముట్టుకోకుండా బయటికెళ్ళి, అద్దం అవతలే నిలబడి ఎవరికో ఫోన్ చేశారు. ఆ ఎవరో మా ఆయనేనని ఇంటికొచ్చాక తెలిసింది. "ఇంట్లో ఏమైనా ఇబ్బందా? మొహమాటపడకు, చెప్పు" అన్నారట.

ఇబ్బంది ఎప్పుడుందో నేను చెప్తాను. రెండేళ్ళ కిందట ఎనిమిది నెలలు నేను గుమ్మం దాటలేదు. డిప్రెషన్. మనవాళ్ళ ముందు ఆ మాట అనకూడదు కాబట్టి "నీరసం" అని చెప్పుకున్నాం. లేచి స్నానం చేస్తే ఆ రోజుకి ఓపిక అయిపోయేది. ఫోన్ మోగితే గుండె దడ. అప్పుడు ఈ పెద్దమనిషి ఫోన్ చేయలేదు. ఎవరూ చేయలేదు. "పిల్లల్ని కనేస్తే అదే పోతుంది" అని ఒకావిడ మెసేజ్ పెట్టింది, అంతే.

మా డాక్టరు మందులతో పాటు లింక్ వర్కర్ అనే ఒకావిడ దగ్గరికి పంపించారు. మందు చేయలేని చోట మనిషిని మళ్ళీ మనుషుల్లో కలపడం వాళ్ళ పని. 2019 నుంచి ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ, ఇలాంటివాళ్ళని పెద్ద ఎత్తున పెట్టింది. ఆవిడ "మీకేం ఇష్టం?" అని అడిగింది. నన్ను ఆ మాట అడిగి ఎన్నేళ్ళయిందో! పుస్తకాలన్నాను.

మొదట్లో రెండు గంటలే, అదీ వెనక గదిలో. జనం ఇచ్చిన సంచులు విప్పాలి. ముందు వాసన చూడాలి, ఎందుకంటే బూజు పట్టింది ఒక్కటి వెళ్ళినా అర మొత్తం పాడవుతుంది. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టడానికి దాని మీద అచ్చువేసే నంబరు, లేకపోతే బాగా పాతదై ఉండొచ్చు, మేనేజర్‌కి చూపించాలి. మిగతావాటికి మొదటి పేజీ మూలన పెన్సిల్‌తో ధర వేయాలి. ఇచ్చినవాళ్ళు ఇక్కడ ఆదాయపన్ను కట్టేవాళ్ళై, ఫారం నింపి ఉంటే, గిఫ్ట్ ఎయిడ్ స్టిక్కరు అంటించాలి. అప్పుడు అమ్మిన ప్రతి పౌండ్‌కీ ప్రభుత్వం నుంచి ఇంకో 25 పెన్నీలు వస్తాయి. "పాత పుస్తకాలు సర్దడం" అని తేల్చేసేవాళ్ళు ఒక్క పూట వచ్చి చేయండి.

చారిటీ షాపంటే మనవాళ్ళకి చిన్నచూపు. ఇలాంటి షాపులు నడిపే ఆక్స్‌ఫామ్ అనే సేవాసంస్థ 1942లో గ్రీసులో ఆకలితో చస్తున్నవాళ్ళ కోసం మొదలైంది. 1987లో ఆక్స్‌ఫర్డ్‌లో పుస్తకాలకే ఒక షాపు పెట్టింది. మా షాపు వాళ్ళది కాదు గానీ నడిచే తీరు అదే. అందులో నిలబడటానికి నాకెందుకు సిగ్గు?

గల్లా దగ్గరికి రావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మొదటి రోజు ఒక ముసలాయన పౌండ్ 99 పెన్నీల పుస్తకం తెచ్చి అయిదు పౌండ్ల నోటిచ్చారు. చిల్లర లెక్కపెడుతుంటే చేతులు వణికి నాణేలు జారాయి. వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆయన వంగి ఏరి నా చేతిలో పెట్టి, "తొందరేం లేదమ్మా, మళ్ళీ లెక్కపెట్టు" అన్నారు. లెక్కపెట్టాను. మూడు పౌండ్ల ఒక పెన్నీ. ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వచ్చాను, బస్సెక్కలేదు.

ఇవాళ మా ఆయనేమన్నారో తెలుసా? "పోనీ, కొన్నాళ్ళు గల్లా దగ్గర కాకుండా లోపల ఉండకూడదా? మనవాళ్ళు వస్తుంటారు కదా" అని. లోపల అంటే ఆ వెనక గది! నాలుగు నెలలు పట్టింది నాకు ఆ గదిలోంచి బయటికి రావడానికి!

ఈ "ఎంతిస్తారు" నాకు కొత్త కాదు. మా నాన్న బడిపంతులు. జీతం రాగానే విజయవాడ లెనిన్ సెంటర్‌కి వెళ్ళి పాత పుస్తకాలు కొనేవారు. ప్రతిదాని మొదటి పేజీలో తేదీ, ధర రాసుకునేవారు. ఆయన పోయాక, నేను తిరుగు ఫ్లైట్ ఎక్కిన మర్నాడే మా బాబాయి రెండు బీరువాల పుస్తకాలు తూకానికి వేసేశాడు. ఫోన్లో అడిగితే, "చెద పడుతున్నాయమ్మా, ఎవరు చదువుతారు? కిలో ఎనిమిది రూపాయలిచ్చాడు, నయమే" అన్నాడు. ఒక్కటి దాచమని అడిగే టైమ్ కూడా ఇవ్వలేదు. బాబాయ్, నువ్వు ఇది చదువుతావని తెలుసు. నేనింకా మర్చిపోలేదు.

పెన్సిల్‌తో పేజీ మూలన ధర వేసే ప్రతిసారీ నాన్న చేతిరాతే గుర్తొస్తుంది నాకు.

ఫోన్ చేసిన పెద్దమనిషికి: నా గురించి అడగాలంటే నన్నే అడగండి. మంగళవారం పది నుంచి రెండు దాకా గల్లా దగ్గరే ఉంటాను. మీ ఇంట్లో చదవని పుస్తకాలుంటే తీసుకురండి, తడి తగలనివి.